ఏ లావాదేవీకి కరెంట్ రేషియో పెరుగుతుంది, దేనికి తగ్గుతుంది: వరసగా లెక్క వేసుకునే పద్ధతి

"సప్లయర్‌కి పది లక్షలు కట్టేశాం. కరెంట్ రేషియో పెరుగుతుందా, తగ్గుతుందా?" సీసీ (క్యాష్ క్రెడిట్, అంటే బ్యాంకు ఇచ్చిన పరిమితి దాకా కావాల్సినప్పుడు వాడుకుని తీర్చే అప్పు ఖాతా) లిమిట్ రెన్యువల్ దగ్గరపడిన వ్యాపారులు, అకౌంట్స్ చూసే కుర్రాళ్లు, కామర్స్ విద్యార్థులు మళ్లీ మళ్లీ అడిగేది ఇదే. దీనికి ఒక్క ముక్కలో జవాబు లేదు. కట్టే ముందు రేషియో ఒకటికి పైన ఉందా, కింద ఉందా చూడాలి. డబ్బు కరెంట్ అకౌంట్ నుంచి వెళ్లిందా, సీసీ అకౌంట్ నుంచి వెళ్లిందా అన్నది కూడా చూడాలి. మొదటి సంగతి పరీక్ష పుస్తకాలన్నిటిలో ఉంటుంది. రెండోది ఎక్కడా కనిపించదు, కానీ వ్యాపారంలో తేడా వచ్చేది ఎక్కువగా దాని దగ్గరే.

కరెంట్ ఆస్తుల మొత్తాన్ని కరెంట్ అప్పుల మొత్తంతో భాగిస్తే వచ్చే అంకె కరెంట్ రేషియో. ఇంతకు మించి సిద్ధాంతం అక్కర్లేదు. పుస్తకాలు 2 ఉండాలంటాయి, బ్యాంకు వాళ్లు 1.33 అడుగుతారు. ఈ 1.33 రిజర్వ్ బ్యాంకు 1974లో వేసిన టాండన్ కమిటీ రెండో పద్ధతి నుంచి వచ్చింది: కరెంట్ ఆస్తుల్లో పాతిక వంతు దీర్ఘకాలిక నిధులతో మీరే పెట్టుకోవాలి, కరెంట్ అప్పులు 75 వంతులు దాటకూడదు. 100ని 75తో భాగించండి, 1.33 వస్తుంది. టర్నోవర్ పద్ధతిలో, అంటే అంచనా అమ్మకాల్లో 20 శాతం బ్యాంకు, 5 శాతం మీరు పెట్టుకునే పద్ధతిలో ఇచ్చే లిమిట్లలో దాగి ఉన్న అంకె 1.25 (25ని 20తో భాగిస్తే వచ్చేది).

దగ్గర పెట్టుకోవాల్సినవి

• తాజా బ్యాలెన్స్ షీట్, లేకపోతే ట్రయల్ బ్యాలెన్స్
• కరెంట్ అకౌంట్, సీసీ అకౌంట్ స్టేట్‌మెంట్లు విడివిడిగా
• టర్మ్ లోన్ రీపేమెంట్ షెడ్యూల్ (అసలు, వడ్డీ వేరువేరుగా ఉన్నది)
• పార్టీల వారీగా రావాల్సిన బాకీలు, అవి ఎన్ని రోజులవో
• సరుకు నిల్వ విలువ, ఎఫ్‌డీల మెచ్యూరిటీ తేదీలు
• నాలుగు గడుల కాగితం లేదా ఎక్సెల్ షీటు: లావాదేవీ, కరెంట్ ఆస్తుల్లో మార్పు, కరెంట్ అప్పుల్లో మార్పు, కొత్త రేషియో

1. ముందు ఏది కరెంటో, ఏది కాదో తేల్చండి

పన్నెండు నెలల్లోపు (మీ వ్యాపార చక్రం అంతకంటే పొడవైతే ఆ చక్రంలోపు) డబ్బుగా మారేది కరెంట్ ఆస్తి, అదే గడువులో కట్టాల్సింది కరెంట్ అప్పు. కంపెనీల చట్టం షెడ్యూల్ 3 చెప్పేది ఇదే. పేరు చూసి కాకుండా గడువు చూసి వేయండి. 18 నెలల తర్వాత మెచ్యూర్ అయ్యే ఎఫ్‌డీ బ్యాంకులోనే ఉన్నా కరెంట్ ఆస్తి కాదు. పదేళ్ల టర్మ్ లోన్‌లో వచ్చే పన్నెండు నెలల అసలు వాయిదాలు మాత్రం కరెంట్ అప్పే. సీసీ లిమిట్‌ను ఏళ్ల తరబడి రెన్యువల్ చేసుకుంటూ వచ్చినా, అడిగితే కట్టాల్సిన బాకీ కాబట్టి అదీ కరెంట్ అప్పే.

ఇక్కడి నుంచి ఒకే ఉదాహరణతో వెళ్దాం. ఎలక్ట్రికల్ సామాను హోల్‌సేల్‌గా అమ్మే చిన్న ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ ఒకటి అనుకోండి. అంకెలన్నీ రూ. లక్షల్లో.

కరెంట్ ఆస్తులు: చేతిలో నగదు 2, కరెంట్ అకౌంట్ 10, పార్టీల నుంచి రావాల్సినవి 50, సరుకు 50, జీఎస్టీ ఇన్‌పుట్ క్రెడిట్ (కొనుగోళ్ల మీద కట్టిన పన్ను, అమ్మకాల పన్నులో సర్దుకునేది) 3, సప్లయర్లకు ఇచ్చిన అడ్వాన్సులు 5. మొత్తం 120.

కరెంట్ అప్పులు: సీసీ బాకీ 40, సప్లయర్లకు ఇవ్వాల్సినవి 30, జీఎస్టీ, టీడీఎస్, పీఎఫ్ లాంటివి 4, కట్టాల్సిన ఖర్చులు 2, టర్మ్ లోన్‌లో ఈ ఏడాది వాయిదాలు 4. మొత్తం 80.

రేషియో 120/80 = 1.50. వీటి పక్కన కరెంట్ కాని లెక్క కూడా రాసి ఉంచండి, చివర్లో సరిచూసుకోవడానికి పనికొస్తుంది: మూలధనం, రిజర్వులు కలిపి 45, ఏడాది దాటాక కట్టే టర్మ్ లోన్ 15, స్థిరాస్తులు 18, షాపు అద్దె డిపాజిట్ 2.

2. లావాదేవీ రెండు కాళ్లూ ఎక్కడ పడ్డాయో చూడండి

ప్రతి లావాదేవీకి డెబిట్ ఒకటి, క్రెడిట్ ఒకటి. రెండూ ఎక్కడెక్కడ పడ్డాయో రాస్తే సగం పని అయిపోయినట్టే.

రెండు కాళ్లూ కరెంట్ ఆస్తుల్లోనే పడితే, లేదా రెండూ కరెంట్ అప్పుల్లోనే పడితే రేషియో కదలదు. ఒక కాలు కరెంట్‌లో, ఇంకోటి బయట (స్థిరాస్తి, దీర్ఘకాలిక అప్పు, మూలధనం, లాభనష్టాలు) పడితే రేషియో తప్పకుండా మారుతుంది, ఎటు మారుతుందో అనుమానం కూడా ఉండదు. రెండూ బయటే పడితే రేషియోకి సంబంధమే లేదు. డిప్రిసియేషన్ (స్థిరాస్తుల అరుగుదల) ఈ కోవలోదే: ఖర్చే, కానీ కరెంట్ రేషియోని ముట్టుకోదు.

చిక్కు వచ్చేది ఒక కాలు కరెంట్ ఆస్తిలో, రెండోది కరెంట్ అప్పులో పడ్డప్పుడు. అప్పుడు రెండూ కలిసి పెరుగుతాయి, లేదా కలిసి తగ్గుతాయి. దానికి మూడో మెట్టు ఉంది.

3. రేషియో ఒకటికి ఏ వైపున ఉందో చూడండి

రెండు వైపులా ఒకే మొత్తం కలిపితే రేషియో ఒకటి వైపు జరుగుతుంది. రెండు వైపులా ఒకే మొత్తం తీసేస్తే ఒకటికి దూరంగా జరుగుతుంది. గుర్తుపెట్టుకోవాల్సింది ఇదొక్కటే.

క్రికెట్ చూసేవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది. 80 బంతుల్లో 120 కొట్టిన బ్యాటర్ స్ట్రైక్ రేట్ 150. తర్వాతి పది బంతుల్లో పది పరుగులే తీస్తే అది 144.4కి పడిపోతుంది. 80 బంతుల్లో 60 మాత్రమే తీసినవాడు అదే పది బంతుల్లో అదే పది పరుగులు తీస్తే 75 నుంచి 77.8కి లేస్తుంది.

మన కంపెనీ పది లక్షల సరుకు అరువు మీద కొంటే జరిగేది సరిగ్గా అదే: 130/90 = 1.44, తగ్గింది. పది లక్షల బాకీ కరెంట్ అకౌంట్ నుంచి తీరిస్తే 110/70 = 1.57, పెరిగింది. ఇదే పని 60/80 దగ్గర ఉన్న కంపెనీ చేస్తే అరువు కొనుగోలుకి 0.75 కాస్తా 0.78 అవుతుంది, బాకీ తీరిస్తే 0.71కి పడుతుంది. 80/80 దగ్గర ఉంటే ఏం చేసినా ఒకటే.

హెచ్చరిక: పరీక్షలో "ప్రస్తుత నిష్పత్తి 2:1" అని ఇచ్చారో, "0.8:1" అని ఇచ్చారో చదవకుండా "బాకీ తీరిస్తే పెరుగుతుంది" అని రాయడం మార్కులు పోయే మొదటి చోటు.

4. ఇప్పుడు రోజువారీ లావాదేవీలు

ప్రతిదీ విడిగా, మళ్లీ 120/80 నుంచే మొదలుపెట్టి చూడండి.

వసూళ్లు. పార్టీ పది లక్షలు కరెంట్ అకౌంట్‌లో వేస్తే బాకీ తగ్గి బ్యాంకు పెరిగింది. రెండూ కరెంట్ ఆస్తులే, 1.50 అలాగే ఉంటుంది. అదే పది లక్షలు సీసీ అకౌంట్‌లో పడితే రావాల్సిన బాకీ 10 తగ్గింది, సీసీ బాకీ కూడా 10 తగ్గింది. 110/70 = 1.57. పుస్తకం "డెట్టార్ల (మనకి ఇవ్వాల్సిన పార్టీల) నుంచి వసూలు: మార్పు లేదు" అంటుంది, మీ బ్యాలెన్స్ షీట్ పెరిగిందంటుంది. రెండూ నిజమే, ఖాతాలు వేరు.

చెల్లింపులు. సప్లయర్‌కి సీసీ నుంచి 10 కడితే ఒక కరెంట్ అప్పు పోయి ఇంకో కరెంట్ అప్పు వచ్చింది. 120/80, ఏమీ కదల్లేదు. వడ్డీ లేని బాకీ పోయి వడ్డీ కట్టే బాకీ నెత్తిన పడిందంతే. అలాగని ఆపుకోవడం కూడా కుదరదు. సప్లయర్ సూక్ష్మ, చిన్న సంస్థగా రిజిస్టరయి ఉంటే, మీ ఒప్పందంలో ఏం రాసుకున్నా ఎంఎస్ఎంఈడీ చట్టం ప్రకారం 45 రోజులు దాటకూడదు.

రొక్కం కొనుగోలు. కరెంట్ అకౌంట్ నుంచి అయితే మార్పు లేదు. సీసీ నుంచి 5 లక్షలకి కొంటే 125/85 = 1.47. అంటే సీసీతో చేసిన రొక్కం కొనుగోలు, రేషియో దృష్టిలో అరువు కొనుగోలే.

జీఎస్టీతో అరువు కొనుగోలు. పది లక్షల సరుకుకి 18 శాతం పన్ను కలిపితే బిల్లు 11.80. సరుకు 10, ఇన్‌పుట్ క్రెడిట్ 1.80, ఇవ్వాల్సింది 11.80. రేషియో 131.80/91.80 = 1.436. పన్ను వదిలేసి వేసిన 1.444 కంటే ఇంకాస్త కింద. ఇన్‌పుట్ క్రెడిట్ రాని సరుకైతే పన్ను సరుకు ఖరీదులోనే కలుస్తుంది, రేషియో మాత్రం అదే.

అరువు అమ్మకం. ఎక్కువమంది తడబడేది ఇక్కడే. 8 లక్షల ఖరీదు సరుకు 10 లక్షలకి అమ్మితే, పెరిగేది పది కాదు, రెండే. సరుకు 8 పోయింది, రావాల్సింది 10 వచ్చింది. 122/80 = 1.525. రేషియోని లేపింది అమ్మకం కాదు, అందులోని లాభం. అసలు ఖరీదుకే అమ్మితే కదలదు, నష్టానికి అమ్మితే తగ్గుతుంది. జీఎస్టీ కలిపితే రావాల్సింది 11.80, ప్రభుత్వానికి కట్టాల్సిన పన్ను 1.80: 123.80/81.80 = 1.513. సొమ్ము మీదే కాని పన్ను రెండు వైపులా చేరి లాభం చూపించిన ప్రభావాన్ని కొంత తినేసింది. నెల తిరిగాక ఇన్‌పుట్ క్రెడిట్‌తో ఆ పన్ను సర్దేస్తే రెండు వైపులా అంతే తగ్గి రేషియో మళ్లీ కొంచెం లేస్తుంది.

సరుకు వాపసు. మీరు 5 లక్షల సరుకు సప్లయర్‌కి తిప్పి పంపితే 115/75 = 1.53. మీరు అమ్మింది పార్టీ తిప్పి పంపితే (అమ్మింది 10, ఖరీదు 8) లాభం వెనక్కి పోయి 118/80 = 1.475. రెండూ వాపసులే అయినా దిక్కులు వేరు.

కస్టమర్ ఇచ్చిన అడ్వాన్స్. 6 లక్షలు బ్యాంకులో పడ్డాయి, సరుకు ఇంకా ఇవ్వలేదు. 126/86 = 1.465. డబ్బు వచ్చినా రేషియో తగ్గిందేమిటని ఆశ్చర్యపోకండి, అది సరుకు రూపంలో తీర్చాల్సిన బాకీ.

జీతాలు, అద్దె, కరెంటు బిల్లు. ఖర్చు రాసి కట్టకుండా ఉంచితే కరెంట్ అప్పు పెరుగుతుంది: 2 లక్షలకి 120/82 = 1.463. తర్వాత కరెంట్ అకౌంట్ నుంచి కట్టేస్తే 118/80 = 1.475. కట్టడం వల్ల కొంచెం లేచినట్టు కనిపిస్తుంది, కానీ మొదటి 1.50కి చేరదు, ఖర్చు ఖర్చే.

వాహనం, యంత్రం, ర్యాకులు. 8 లక్షల డెలివరీ వ్యాను కరెంట్ అకౌంట్‌లోని డబ్బుతో కొంటే 112/80 = 1.40. అదే వ్యానుకి 2 లక్షలు మీరు పెట్టి 6 లక్షలు లోన్ తీసుకుంటే, మొదటి ఏడాది అసలు వాయిదాలు 1.80 అనుకుందాం: 118/81.80 = 1.443. సీసీ నుంచి కొంటే 120/88 = 1.36. దీర్ఘకాలం వాడుకునే వస్తువుని సీసీతో కొనడం అన్నిటికంటే చెడ్డ దారి. బ్యాంకు దీన్ని నిధుల మళ్లింపుగా కూడా చూస్తుంది. పాత వ్యాను 3 లక్షలకి అమ్మితే 123/80 = 1.54. పుస్తకాల్లో ఆ అమ్మకంలో లాభం వచ్చిందా, నష్టం వచ్చిందా అన్నది ఇక్కడ అనవసరం.

టర్మ్ లోన్. 15 లక్షలు చేతికొచ్చి, ఏడాదిలోపు కట్టాల్సిన అసలు 3 అయితే 135/83 = 1.63. నెల వాయిదా 40 వేలలో అసలు 30 వేలు, వడ్డీ 10 వేలు అనుకోండి. సీసీ నుంచి కడితే సీసీ 40 వేలు పెరిగి, వాయిదాల బాకీ 30 వేలు తగ్గుతుంది. రేషియోకి దెబ్బ వడ్డీ మేరకే. వాయిదా మొత్తాన్ని ఖర్చుగా రాసేసే అలవాటుంటే ఇక్కడ లెక్క చెడుతుంది.

మూలధనం, డైరెక్టర్ల డబ్బు. షేర్ క్యాపిటల్‌గా 10 వస్తే 130/80 = 1.625. అదే 10 డైరెక్టర్ ఇచ్చిన అన్‌సెక్యూర్డ్ (పూచీ లేని) లోన్‌గా, గడువు రాసుకోకుండా వస్తే అడిగినప్పుడు ఇవ్వాల్సిన అప్పు: 130/90 = 1.44. ఒకే మనిషి, ఒకే డబ్బు. కాగితం మీద రాసుకున్నదాన్ని బట్టి ఒకటి రేషియోని పైకి, ఇంకోటి కిందికి తీసుకెళ్లింది. లిమిట్ ఉన్నంతకాలం ఆ డబ్బు వెనక్కి తీసుకోబోనని డైరెక్టర్ రాసిస్తే కొన్ని బ్యాంకులు తమ లెక్కలో దాన్ని దీర్ఘకాలిక నిధిగానే చూస్తాయి. ఆడిట్ అయిన బ్యాలెన్స్ షీట్‌లో మాత్రం గడువు ప్రకారమే ఉంటుంది.

ఎఫ్‌డీ. ఏడాదిలోపుదైతే మార్పు లేదు. రెండేళ్లకి 10 వేస్తే 110/80 = 1.375. వడ్డీ పావు శాతం ఎక్కువొస్తుందని మార్చిలో రెండేళ్ల ఎఫ్‌డీ చేసి, తర్వాత రేషియో ఎక్కడ పడిందని వెతుక్కునేవాళ్లున్నారు. కొత్త షాపుకి ఇచ్చిన అద్దె డిపాజిట్ కూడా ఇలాగే కరెంట్ నుంచి బయటికి పోతుంది.

మొండిబాకీ. 3 లక్షలు కొట్టేస్తే 117/80 = 1.4625. దానికి ముందే ప్రొవిజన్ పెట్టి (రాకపోవచ్చని ముందుగా నష్టం రాసి) ఉంటే, దెబ్బ ప్రొవిజన్ రోజునే పడింది. ఇప్పుడు కొట్టేసినా మార్పు ఉండదు.

డివిడెండ్. బోర్డు ప్రతిపాదించినంత మాత్రాన ఏమీ కాదు. వాటాదారులు ఆమోదించాక 4 లక్షలు కట్టాల్సిన బాకీ అవుతుంది: 120/84 = 1.43. కట్టాక 116/80 = 1.45.

బిల్లులు (ఫలానా తేదీకి కడతానని పార్టీ సంతకం పెట్టే హుండీలు). పార్టీ మీ బిల్లుకి ఒప్పుకుంటే మార్పు లేదు. ఆ బిల్లుని సప్లయర్‌కి ఎండార్స్ చేస్తే (వాళ్ల పేరున రాసిచ్చేస్తే) బాకీ తీర్చినట్టే. అది చెల్లకపోతే రావాల్సిందీ, ఇవ్వాల్సిందీ రెండూ మళ్లీ లేచి కూర్చుంటాయి.

5. డబ్బు కదలకుండానే మార్చి 31న మారేవి

టర్మ్ లోన్‌లో వచ్చే ఏడాది అసలు వాయిదాలు దీర్ఘకాలిక గడి నుంచి కరెంట్ గడిలోకి దూకుతాయి. ఏడాది పొడవునా మీరు కట్టుకుంటూ వచ్చి ఆ గడి సున్నా అయ్యి ఉండొచ్చు, మార్చి 31న కొత్తగా నాలుగైదు లక్షలు వచ్చి చేరతాయి. ఫిబ్రవరిలో 1.38 చూసుకుని నిశ్చింతగా ఉన్నవాళ్లకి ఆడిటర్ 1.29 చూపించేది ఎక్కువగా దీనివల్లే. రీపేమెంట్ షెడ్యూల్ తీసి, ఏప్రిల్ నుంచి మార్చి వరకు అసలు గడి ఒక్కటే కూడి, ముందే వేసుకోండి.

కదలని సరుకు విలువ తగ్గించడం, ఆదాయపు పన్ను ప్రొవిజన్, బోనస్ ప్రొవిజన్ కూడా ఆ రోజే పడతాయి. ఎఫ్‌డీలు మాత్రం ఎదురు దిక్కున వస్తాయి: పోయినేడు కరెంట్ కానిది ఈ ఏడు పన్నెండు నెలల్లోపుకి వచ్చి ఉంటే కరెంట్ ఆస్తిలోకి వేసుకోవచ్చు.

కంపెనీలైతే ఇంకో సంగతి. షెడ్యూల్ 3కి 2021లో చేసిన సవరణ తర్వాత కరెంట్ రేషియోని నోట్స్‌లో చూపించాలి, పోయినేటితో 25 శాతానికి మించి తేడా వస్తే కారణం రాయాలి. 1.50 ఉన్న కంపెనీ 1.12కి వస్తే వివరణ తప్పదు. పైన చెప్పినట్టు లావాదేవీల వారీగా కాగితం రాసి ఉంచుకుంటే ఆ వివరణకి వెతుక్కోనక్కర్లేదు.

6. సరిచూసుకోవడం

లెక్క వేసే ముందే "పెరుగుతుంది, తగ్గుతుంది, మారదు" అని పెన్సిల్‌తో రాయండి. అంకె వచ్చాక పోల్చండి. రెండూ కలవకపోతే రెండు కాళ్లలో ఒకటి తప్పు గడిలో పడిందన్నమాట.

దానికంటే గట్టి పరీక్ష ఇంకోటి ఉంది. కరెంట్ ఆస్తుల్లోంచి కరెంట్ అప్పులు తీసేస్తే 120 - 80 = 40. అవతలి వైపు నుంచి కూడా అదే రావాలి: మూలధనం 45 + దీర్ఘకాలిక లోన్ 15 = 60, అందులోంచి స్థిరాస్తులు 18, డిపాజిట్ 2 తీస్తే 40. నెల చివర రెండు వైపులా కలవాలి.

ఒక నెల వరసగా చూద్దాం. ఈసారి ప్రతి అడుగూ ముందు అడుగు నుంచి:

• సీసీలో వసూలు 12: 108/68 = 1.588
• అరువు కొనుగోలు 20: 128/88 = 1.455
• 16 ఖరీదు సరుకు 19కి అరువు అమ్మకం: 131/88 = 1.489
• సీసీ నుంచి జీతాలు, అద్దె 2: 131/90 = 1.456
• సీసీ నుంచి ర్యాకులు 5: 131/95 = 1.379

చివర తేడా 131 - 95 = 36, అంటే 40 నుంచి 4 తగ్గింది. అమ్మకంలో లాభం 3, ఖర్చులు 2, మిగిలింది 1. ర్యాకులకి 5 పోయింది. 1 - 5 = -4. కలిసింది. వసూలు 12, కొనుగోలు 20 ఈ పరీక్షలో కనిపించవు, ఎందుకంటే అవి రేషియోని కదిపాయే గానీ తేడాని కదపలేదు. ఇక్కడ జీఎస్టీ వదిలేశాం. మీ అసలు లెక్కలో వదలకండి.

తరచుగా జరిగే తప్పులు

టాలీలో (లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్) రేషియో అనాలిసిస్ తెరిచి అక్కడున్న కరెంట్ రేషియోని అలాగే బ్యాంకుకి చెప్పేయడం. టాలీలో సీసీ ఖాతా ఉండే బ్యాంక్ ఓడీ గ్రూపు లోన్స్ లయబిలిటీ కింద ఉంటుంది, కరెంట్ లయబిలిటీస్ కింద కాదు. టర్మ్ లోన్ కూడా అంతే. మన ఉదాహరణలో సీసీ 40, వాయిదాలు 4 జారిపోయి 120/36 = 3.33 కనిపిస్తుంది, అసలుది 1.50. పైగా అక్కడ డిపాజిట్స్ గ్రూపు కరెంట్ అసెట్స్ కింద వస్తుంది కాబట్టి అద్దె డిపాజిట్, కరెంటు మీటర్ డిపాజిట్ కూడా కలిసిపోతాయి. టాలీ తప్పేమీ లేదు, గ్రూపులు అలా ఉన్నాయి. అంకెలు బయటికి తీసి గడువు ప్రకారం మీరే వేసుకోండి.

టాలీలో సరుకు లెక్క నడపకుండా ఖాతాలు మాత్రమే నడిపేవాళ్లు ఏడాది మధ్యలో రేషియో చూస్తే ఏప్రిల్ 1 నాటి సరుకు విలువే ఉంటుంది. ఆ రోజు విలువ చేత్తో వేసుకుంటే తప్ప ఆ అంకెకి అర్థం లేదు.

అడ్వాన్స్ ఇచ్చిన కస్టమర్‌ని డెట్టార్లలో మైనస్‌గా, అడ్వాన్స్ తీసుకున్న సప్లయర్‌ని క్రెడిటర్లలో (మనం ఇవ్వాల్సినవాళ్లలో) మైనస్‌గా వదిలేయడం. రెండు వైపులా చిన్నవై, రేషియో ఉన్నదానికంటే మెరుగ్గా కనిపిస్తుంది. బ్యాంకు ఆఫీసర్ విడదీసి వేస్తే అంకె మారుతుంది.

సీసీ లిమిట్‌ని బాకీ అనుకోవడం ఇంకోటి. లిమిట్ 50 ఉన్నా వాడింది 40 అయితే అప్పు 40 మాత్రమే. సీసీ ఎప్పుడైనా ప్లస్‌లోకి వస్తే ఆ రోజు అది బ్యాంకు నిల్వ, అంటే కరెంట్ ఆస్తి.

మార్చి 31న బ్యాంకులో ఉన్నదంతా సప్లయర్లకి కట్టి, ఏప్రిల్ మొదటి వారంలో మళ్లీ అరువు తెచ్చుకునే ఆట పాతది. మూడో మెట్టులోని సూత్రమే దానికి ఆధారం. నెలనెలా ఇచ్చే స్టాక్ స్టేట్‌మెంట్లలో క్రెడిటర్ల అంకె ఫిబ్రవరిలో ఎంతో, ఏప్రిల్‌లో ఎంతో బ్యాంకు దగ్గర ఉంటుంది. ఒక్క మార్చిలోనే పల్లం కనిపిస్తే అడుగుతారు.

రేషియో నిజంగానే తక్కువైతే

మీ లెక్క 96/80, అంటే 1.20 దగ్గర ఉందనుకోండి, బ్యాంకు 1.33 అడుగుతోంది. ఎంత కావాలో ముందే లెక్క వేసుకోవచ్చు.

• మూలధనం తెచ్చి కరెంట్ అకౌంట్‌లో ఉంచితే: 80 × 1.33 = 106.40, కావాల్సింది 10.40 లక్షలు.
• అదే మూలధనం సీసీలో వేస్తే: 96/1.33 = 72.18, కావాల్సింది 7.82 లక్షలు. ఎప్పుడూ దీన్నే ఎంచుకోండి. వడ్డీ కూడా తగ్గుతుంది.
• కొత్త డబ్బు లేకుండా, పాత బాకీలు వసూలు చేసి సీసీలో వేయడం ఒక్కటే దారైతే: 31.50 లక్షలు వసూలు కావాలి (64.50/48.50 = 1.33). మీ పార్టీల జాబితా చూసి అది అయ్యే పనో కాదో తేల్చుకోండి.
• సీసీలో ఎప్పటికీ దిగని భాగం ఉంటే, దాన్ని వర్కింగ్ క్యాపిటల్ టర్మ్ లోన్‌గా మార్చమని బ్యాంకుని అడగొచ్చు. మొదటి ఏడాది వాయిదాలు మాత్రం కరెంట్‌లోనే ఉంటాయి. 10 లక్షలు అలా మారిస్తే, అందులో 2 ఏడాదిలోపు కట్టేదైతే లాభం 8కే: 96/72 = 1.33.
• గడువు లేని డైరెక్టర్ లోన్ ఉంటే షేర్ క్యాపిటల్‌గా మార్చడం. డబ్బు కదలదు, కరెంట్ అప్పు పోతుంది. బోర్డు తీర్మానం, షేర్ల కేటాయింపు మార్చి 31లోపు తేదీలతోనే ఉండాలి, రిజిస్ట్రార్ దగ్గర ఫారాలూ వేయాలి కాబట్టి ఫిబ్రవరిలోనే కంపెనీ సెక్రటరీతో మాట్లాడండి.

వసూళ్ల మీద ఆధారపడేవాళ్లు చెక్కుల తేదీలు చూసుకోవాలి. మార్చి 31 సాయంత్రం చేతికొచ్చి ఏప్రిల్ 2న క్లియరైన చెక్కు ఆ ఏడాదికి చేతిలో ఉన్న చెక్కే. డెట్టార్ల గడి నుంచి ఆ గడికి మారుతుంది, సీసీ బాకీ తగ్గదు, రేషియో కదలదు. పుస్తకంలో అదే రోజు సీసీలో జమ రాసేస్తే రేషియో పెరిగినట్టు కనిపిస్తుంది గానీ, బ్యాంకు రీకన్సిలియేషన్‌లో (పుస్తకాన్ని బ్యాంకు స్టేట్‌మెంట్‌తో సరిచూసేటప్పుడు) ఆడిటర్ వెనక్కి తిప్పుతారు. మార్చి చివరి వారంలో పెద్ద మొత్తాలన్నీ ఆర్‌టీజీఎస్‌లోనే వేయమని పార్టీలకి ముందుగా చెప్పండి.